దండారీ లేచింది... బడి ఖాళీ అయింది!

ఉట్నూరు: ఆశ్వయుజ పౌర్ణమి వెళ్ళి నాలుగయిదు రోజులయ్యేసరికి ఆదిలాబాదు ఏజెన్సీలోని ఆశ్రమ పాఠశాలల వద్ద ఏటా ఒకే దృశ్యం కనిపిస్తుంది. తెల్లవారుజామునే గూడేలనుంచి బయలుదేరి వచ్చిన గోండు, కొలాం తండ్రులు వరండాలో గోడవారన కూర్చుని వుంటారు. హెడ్మాస్టరుగారు ఎప్పుడు వస్తారా అని ఎదురుచూస్తుంటారు. ఆయన రాగానే అందరిదీ ఒకటే విన్నపం. ఊళ్ళో దండారీ లేచింది, పిల్లవాడిని ఇంటికి పంపాలి.

ఎన్ని రోజులు అని హెడ్మాస్టరు అడుగుతారు. పండుగ అయ్యేదాకా అని జవాబు వస్తుంది. పండుగ ఎప్పుడవుతుంది అంటే, కొలబోడి అయిన నాడు అని సమాధానం. కొలబోడి ఏ తారీఖు అన్న ప్రశ్నకు మాత్రం తండ్రి దగ్గర జవాబు వుండదు. ఆయన లెక్క చంద్రుణ్ణి చూసి కట్టే లెక్క. హెడ్మాస్టరు లెక్క గోడమీద వేలాడే క్యాలెండరుది. ఈ రెండు లెక్కల మధ్య పిల్లవాడు ట్రంకు పెట్టె పట్టుకుని నిలబడి వుంటాడు.

చివరకు కొందరికి అనుమతి దొరుకుతుంది. కొందరికి దొరకదు. దొరకనివారిలో కొందరు చీకటి పడ్డాక గోడ దూకి వెళతారు. మరునాడు రిజిస్టరులో అందరికీ పడే గుర్తు ఒక్కటే: గైరుహాజరు.

పండుగ అంటే ఒక్కరోజు కాదు

మైదాన ప్రాంతాల వారికి దీపావళి ఒక్క రాత్రి పండుగ. దీపాలు వెలిగించి, టపాకాయలు కాల్చి, మరునాడు ఎవరి పనుల్లో వారు పడతారు. ఆదిలాబాదు అడవుల్లో అట్లా కాదు. దీపావళి అమావాస్య ఇక్కడ సుమారు పది రోజుల పండుగకు ముగింపు మాత్రమే.

భోగి పూజతో దండారీ మొదలవుతుంది. దేవుడి వద్ద వుంచిన డప్పులు, తుడుం, పెప్రె, గుమేల వంటి వాయిద్యాలను బయటికి తీసి ఊరి పెద్దలు పూజ చేస్తారు. నెమలి ఈకల టోపీ పెట్టి, ఒంటికి విభూతి రాసుకుని, మెడలో పూసల పేర్లు వేసి, భుజాన జంతు చర్మం తగిలించి గుస్సాడీలు తయారవుతారు. ఒకసారి ఈ వేషం కట్టినవారు దీక్ష ముగిసేవరకు స్నానం చేయరు. అది వినోదం కోసం కట్టే వేషం కాదు. దేవుడు తమను పూనినట్టే వారు భావిస్తారు, ఊరివారూ అట్లాగే చూస్తారు.

తరువాత దండారీ ఊరు దాటుతుంది. గుస్సాడీలు, వాయిద్యగాళ్ళు, కోలలు పట్టిన యువకులు, వారి వెంట పిల్లలు అందరూ కలిసి మరో ఊరికి అతిథులుగా నడిచిపోతారు. ఆ ఊరివారు ఎదురువచ్చి తీసుకుపోతారు. రాత్రంతా ఆటపాటలు, పొద్దున విందు, వీడ్కోలు. ఈ ఏడు అతిథులుగా వెళ్ళినవారు మరో ఏడు ఆతిథ్యం ఇవ్వాలి. వరసలు కలిసే ఊళ్ళ మధ్యనే ఈ రాకపోకలు ఎక్కువ. పెళ్ళి మాటలకు కూడా ఇదే అదను. అమావాస్య దాటిన తరువాత కొలబోడి జరుగుతుంది. ఆనాడు మొక్కులు చెల్లించి, గుస్సాడీలు టోపీలు దించి, వాయిద్యాలను మళ్ళీ భద్రపరుస్తారు.

ఈ పది రోజుల్లో పిల్లవాడు ఏం చేస్తాడు అని ఎవరయినా అడగవచ్చు. చూస్తాడు, నేర్చుకుంటాడు. డప్పు దరువు మారితే అడుగు ఎట్లా మారాలో పుస్తకం చెప్పదు. గోండులలో నాలుగు దేవతల వారు, అయిదు దేవతల వారు, ఆరు దేవతల వారు, ఏడు దేవతల వారు అని విభాగాలున్నాయి. ఒకే సంఖ్య వారు అన్నదమ్ముల వరస. వారి మధ్య పెళ్ళి కుదరదు. ఎవరు తనకు అన్న, ఎవరు బావ, ఎవరి ఇంట ఏ మర్యాద పాటించాలి అన్నది పిల్లవాడు ఇట్లా ఊరూరు తిరిగినప్పుడే తెలుసుకుంటాడు. గోండుల వంశ చరిత్రను కీక్రీ వాయిస్తూ పాడేది పరధానులు. ఆ పాట వినేందుకు కూడా ఇటువంటి కార్యాలే సందర్భం.

ఆరో ఏట హాస్టలుకు వచ్చి, పదహారో ఏట పదోతరగతి ముగించే పిల్లవాడు ఈ పదేళ్ళూ దండారీకి దూరమయితే, ఆ తరువాత ఊళ్ళో అతడు చుట్టం చూపుగా వచ్చిన మనిషే అవుతాడు. గోండు పెద్దలను పట్టి పీడిస్తున్న భయం ఇదే.

నాగోబా పిలుపు

దండారీ ఊరి పండుగ అయితే, కెస్లాపూర్ నాగోబా జాతర ఒక వంశం పండుగ. ఇంద్రవెల్లి మండలంలోని కెస్లాపూర్‌లో పుష్య అమావాస్య రాత్రి మేస్రం వంశీయులు నాగోబాకు మహాపూజ చేస్తారు. లక్షలాది జనం వచ్చే జాతర అని పేరు పడింది కాని, మూలంలో ఇది ఒక పెద్ద కుటుంబం కలుసుకునే చోటు.

పుష్యమాసంలో నెలవంక కనిపించిన తరువాత మేస్రం పెద్దలు బయలుదేరి వంశీయుల ఊళ్ళకు కబురు అందిస్తారు. జన్నారం మండలంలోని కలమడుగు దగ్గర గోదావరి హస్తలమడుగునుంచి కాలినడకన జలం తెస్తారు. పూజకు కావలసిన కుండలు సిరికొండ కుమ్మరులు చేసి ఇస్తారు. తెలంగాణ, మహారాష్ట్రలనుంచి కుటుంబాలకు కుటుంబాలు వచ్చి కెస్లాపూర్ మర్రిచెట్ల కింద మకాం వేస్తాయి. ఇప్పటికీ ఎడ్లబండ్లు కట్టుకుని వచ్చేవారున్నారు.

మహాపూజ తరువాత జరిగే భేటింగ్ కార్యక్రమం ఈ జాతరకు ఆయువుపట్టు. మేస్రం వంశంలో కొత్తగా కోడళ్ళయినవారు తెల్లచీర కట్టి, ముసుగు వేసుకుని నాగోబా ముందుకు వస్తారు. పెద్దలు వారిని దేవుడికి పరిచయం చేస్తారు. ఆ పరిచయం జరిగితేనే ఆమె వంశంలో కలిసినట్లు. అన్న పెళ్ళి అయిన ఏడు ఆ ఇంటి పిల్లలు జాతరకు రాకుండా బడిలో వుండడమంటే, పెళ్ళికి రాకపోవడంతో సమానమే. జాతర ముగిశాక కొన్ని కుటుంబాలు ఉట్నూరు మండలం శ్యాంపూర్‌లో జరిగే బుడుందేవ్ జాతరకు కూడా వెళతాయి. సెలవు ఇంకొన్ని రోజులు పెరుగుతుంది.

ఈ జాతర తారీఖు ఏటా మారుతుంది. 2024లో మహాపూజ ఫిబ్రవరి 9న, 2025లో జనవరి 28న జరిగింది. సంక్రాంతి సెలవులు అప్పటికే అయిపోయి బడులు తెరిచి వుంటాయి. పదోతరగతి పిల్లలకయితే పరీక్షలు ముంచుకు వచ్చే రోజులు.

ఉపాధ్యాయుల గోడు

ఇదిలా వుండగా ఉపాధ్యాయుల మాటను తీసివేయడానికి వీలులేదు. వారు పండుగకు శత్రువులు కారు. వారిలో గోండులున్నారు, కొలాంలున్నారు, దండారీలో ఆడి పెరిగినవారే చాలామంది వున్నారు. అయినా పిల్లలను పంపడానికి వెనుకాడుతున్నారంటే కారణాలు లేకపోలేదు.

మొదటిది, పంపిన పిల్లవాడు తిరిగి వస్తాడన్న నమ్మకం లేదు. దండారీ ముగిసేసరికి ఆదిలాబాదు నల్లరేగళ్ళలో పత్తి పగులుతుంది. ఏరడానికి చేతులు కావాలి. కూలీలను పెట్టుకునే స్తోమత లేని ఇంట్లో పండుగకు వచ్చిన పిల్లవాడే మరునాడు ఒడిసంచి కట్టుకుని చేలో దిగుతాడు. పది రోజుల సెలవు నెల అవుతుంది. నెల తరువాత వచ్చిన పిల్లవాడికి లెక్కల్లో ముందుకు పోయిన పాఠం అర్థం కాదు. అర్థం కానిచోట కూర్చోవడం సిగ్గు. సిగ్గుపడినవాడు మళ్ళీ ఇంటి దారి పడతాడు. బడి మానేసిన పిల్లల కథలు చాలావరకు ఒక్కరోజున మొదలయినవి కావు. అవి ఇట్లా మెల్లగా జారినవి.

ఆడపిల్లల విషయంలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. తమ్ముణ్ణి చూసుకోవాలి, వంట చేయాలి అని ఒకసారి ఇంట్లో నిలిపితే మళ్ళీ పంపాలన్న పట్టుదల అందరు తల్లిదండ్రులకూ వుండదు.

రెండవది బాధ్యత. హాస్టలు పిల్లవాడికి దారిలో ఏమి జరిగినా జవాబు చెప్పుకోవలసింది వార్డెన్. అందువల్ల తల్లో తండ్రో వచ్చి సంతకం పెడితే తప్ప పంపరు. దూరపు గూడెంనుంచి రాలేని తండ్రి కొడుకు మాత్రం కిటికీ పట్టుకుని దారి చూస్తూ వుంటాడు.

మూడవది పరీక్షలు. 2024లో దీపావళి అక్టోబరు 31న వచ్చింది. ఆ విద్యా సంవత్సరపు క్యాలెండరులో ఎస్.ఏ.-1 పరీక్షలు అక్టోబరు 21 నుంచి 28 వరకు పెట్టారు. సరిగ్గా దండారీ ఊరూరు తిరిగే రోజులు! ఒక ఊరిలో డప్పు, పక్క ఊరిలో ప్రశ్నాపత్రం. పిల్లవాడు దేనికి పోవాలి?

ఎవరి పండుగకు ఎన్ని సెలవులు?

ఇక్కడ ఆలోచించవలసిన విషయం ఒకటి వుంది. అదే 2024లో బతుకమ్మ, దసరా పండుగలకు పాఠశాలలకు అక్టోబరు 2 నుంచి 14 వరకు 13 రోజులు సెలవులిచ్చారు. 2025లో సెప్టెంబరు 21 నుంచి అక్టోబరు 3 వరకు మళ్ళీ 13 రోజులు. ఆ రోజుల్లో కరీంనగరులోనో, వరంగల్లులోనో పిల్లలు బతుకమ్మ ఆడుకుంటే ఎవరూ గైరుహాజరు వేయరు. ఆ ఊళ్ళ పిల్లలకు పండుగకోసం చదువు మానుతున్నారన్న మాట రాదు. పండుగ వచ్చేసరికి బడే మూసివుంటుంది కనుక.

గోండు పిల్లవాడికి ఆ 13 రోజులూ సెలవులే. ఇంటికి వెళతాడు, దసరా జరుపుకుంటాడు, తిరిగి వస్తాడు. వచ్చిన వారం పది రోజులకే అసలు పండుగ మొదలవుతుంది. అప్పుడు బడి తెరిచి వుంటుంది. దీపావళికి ఒక్కరోజు సెలవు. కాబట్టి ఒక పిల్లవాడు పండుగ జరుపుకుంటే సెలవు, మరో పిల్లవాడు పండుగ జరుపుకుంటే ఎగవేత అవుతున్నది. తప్పు పిల్లవాడిది కాదు, వాడి తండ్రిది కూడా కాదు. క్యాలెండరు రాసినప్పుడు వారి పండుగ ఎవరికీ గుర్తుకు రాలేదు. అంతే.

మరో విచిత్రం కూడా చెప్పుకోవాలి. ఆగస్టు 15 వచ్చినా, జనవరి 26 వచ్చినా, మంత్రులో పెద్ద అధికారులో పర్యటనకు వచ్చినా ఆశ్రమ పాఠశాలల పిల్లలకు నెమలి ఈకల టోపీలు పెట్టి గుస్సాడీ ఆడిస్తారు. అందుకోసం పాఠాలు ఆపి రోజుల తరబడి తర్ఫీదు ఇస్తారు. అప్పుడు పోయిన పీరియడ్లను ఎవరూ లెక్కపెట్టరు. ఆ ఆట అసలు ఆడవలసిన రోజుల్లో ఆడబోతే మాత్రం అనుమతి వుండదు. మార్లవాయికి చెందిన గుస్సాడీ గురువు కనక రాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. ఆయన 2024 అక్టోబరులో కన్నుమూశారు. అటువంటి గురువులు తయారయ్యేది దండారీలో తిరిగిన పిల్లల్లోనుంచే తప్ప వేదికలమీదినుంచి కాదు.

మార్లవాయి చెప్పే పాఠం

బడి, గూడెం ఒకదానికొకటి ఎదురు నిలవవలసిన అవసరం లేదని ఈ జిల్లా ఏనాడో చూపించింది. 1940లో జోడెఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగిన తరువాత, గోండుల స్థితిగతులను అధ్యయనం చేయడానికి నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో గుడిసె వేసుకుని వున్నారు. పిల్లలకు రాని భాషలో చదువు చెబితే బడి నిలవదని గ్రహించి, 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం పెట్టించారు. నాగరి లిపిలో గోండీ వాచకాలు తయారు చేయించారు. అక్కడ శిక్షణ పొందిన గోండు యువకులే గూడేల్లో పంతుళ్ళయ్యారు. పిల్లవాడు ఇంట్లో మాట్లాడే మాటే బడిలో వినిపించింది.

కెస్లాపూర్ జాతరలో దర్బారు జరిపించి, అధికారులే గిరిజనుల వద్దకు వచ్చి గోడు వినే ఆనవాయితీకి కూడా ఆయన కాలంలోనే పునాది పడింది. నాటినుంచి దర్బారు సాగుతూనే వుంది. ప్రభుత్వ కార్యాలయమే జాతరకు నడిచి రాగా లేనిది, బడి జాతర తేదీని చూసుకుని సెలవు పెట్టుకోలేదా?

చట్టం అడ్డు కాదు

చట్టంలో పని దినాల లెక్క వుంది, మేమేం చేయగలం అని కొందరంటారు. లెక్క వున్నమాట నిజమే. విద్యాహక్కు చట్టం ప్రకారం 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి 200, 6 నుంచి 8 తరగతులకు 220 పని దినాలు వుండాలి. కాని ఆ రోజులు ఏ నెలలో ఎప్పుడు రావాలన్నది ఆ చట్టం చెప్పలేదు. పైగా విద్యా క్యాలెండరును నిర్ణయించే పనిని స్థానిక సంస్థల బాధ్యతల్లో ఒకటిగా అదే చట్టం పేర్కొన్నది. బడివేళలు, సెలవులు పిల్లల అనుకూలతను బట్టి వుండాలని 1986 జాతీయ విద్యా విధానం కూడా చెప్పింది. జాతర్ల సందర్భంలో కలెక్టర్లు స్థానిక సెలవు ప్రకటించి, బదులుగా ఒక రెండో శనివారం బడి నడిపించడం జిల్లాల్లో తెలిసిన పద్ధతే.

లెక్క వేసి చూస్తే భయపడవలసినంత కూడా లేదు. ఒక పిల్లవాడు దండారీకి 10 పని దినాలు, నాగోబాకు 7 పని దినాలు మానాడనుకుందాం. 220లో 17 రోజులు. పన్నెండోవంతు కూడా పూర్తిగా కాదు. చదువును చెడగొట్టేది ఈ 17 రోజులు కాదు. వాటి వెనుక చెప్పకుండా వచ్చి చేరే పత్తి నెల, తిరిగి వచ్చినవాడికి తప్పిన పాఠం ఎవరూ చెప్పకపోవడం, ఆ రెండే చెడగొడుతున్నవి.

ఇద్దరూ ఒక మాటకు కట్టుబడితే

చేయదగిన పని పెద్దదేమీ కాదు. ఏజెన్సీ పాఠశాలల వరకు దసరా సెలవుల్లో అయిదారు రోజులు తగ్గించి దీపావళికి ముందుకు జరపవచ్చు. పరీక్షల తేదీలు పెట్టేముందు ఆశ్వయుజ, పుష్య అమావాస్యలు ఎప్పుడు వస్తున్నాయో పంచాంగం చూసుకోవచ్చు. దీనికి ఖజానా నుంచి ఒక్క రూపాయి కూడా అక్కరలేదు.

మరి గూడెం చేయవలసింది కూడా వుంది. సెలవు ఇచ్చినప్పుడు పిల్లలను తిరిగి పంపే పూచీ ఊరి పటేలు, దేవారి తీసుకోవాలి. కొలబోడి అయిన మూడోనాటికి ఊళ్ళో బడి ఈడు పిల్లలెవరూ పత్తిచేలో కనిపించకూడదని కట్టుబాటు చేసుకోవాలి. గోండు గూడెంలో ప్రభుత్వ ఉత్తరువు కంటే పెద్దల కట్టుబాటుకే విలువ ఎక్కువ. దేవుడి పేరు చెప్పి తీసుకువెళ్ళిన పిల్లవాడిని కూలి పనికి నిలిపితే అది పండుగకూ అపచారమే.

ఏటా ఆశ్వయుజంలో వరండాలో కూర్చునే ఆ తండ్రులు చదువు వద్దని వచ్చినవారు కారు. వద్దనుకుంటే పిల్లవాడిని హాస్టలులో చేర్చేవారే కాదు. వాడు చదువుకోవాలి, కాని తమవాడుగానే వుండాలి అన్నది వారి కోరిక. ఈ రెండు కోరికలూ ఒకే క్యాలెండరులో ఇమడగలవు. వచ్చే విద్యా సంవత్సరపు సెలవుల పట్టిక తయారయ్యేలోగా గిరిజన సంక్షేమ శాఖ, ఉట్నూరు ఐ.టి.డి.ఎ. అధికారులు ఏజెన్సీ పెద్దలను ఒకసారి పిలిచి మాట్లాడితే, మళ్ళీ దండారీ లేచేనాటికి ఏ పిల్లవాడూ గోడ దూకవలసిన పని వుండదు.